టెలివిజన్ నాటకంలో సెట్టింగు, ఆహార్యం: తెలుగు ధారావాహికలు

నిర్వచనం

టెలివిజన్ నాటకంలో పాత్రలు మసలే చోటును తీర్చిదిద్దే పని సెట్టింగు. పాత్రల బట్టలు, నగలు, జుట్టు ముడి, ముఖానికి వేసే రంగు అన్నీ కలిపి ఆహార్యం. స్టూడియోల్లో మొదటిది ఆర్ట్ డిపార్ట్‌మెంట్ చూస్తుంది, రెండోది కాస్ట్యూమర్, మేకప్‌మన్ చూస్తారు. పనులు వేరైనా ప్రేక్షకుడికి ఇవి విడివిడిగా అందవు. పాత్ర నోరు తెరవకముందే అది ఎవరో, ఏ ఇంటిదో, ఏ స్థితిలో ఉందో అన్న సంగతులు ఈ రెండింటి వల్లే తెలుస్తాయి.

భరతుని నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగుగా విభజించింది. ఆహార్యంలో మళ్లీ పుస్తం, అలంకారం, అంగరచన, సజీవం అని నాలుగు భాగాలున్నాయి. కొండలు, రథాలు, విమానాల వంటి కృత్రిమ వస్తువుల తయారీ పుస్తం. పూలదండలు, నగలు, బట్టలు అలంకారం. ఒంటికి రంగులు పూయడం అంగరచన. రంగం మీదికి ప్రాణులను తేవడం సజీవం. ఈ లెక్కన సెట్టు కట్టే వడ్రంగి, చీర మడత సరిచేసే సహాయకుడు, బొట్టు దిద్దే మేకప్‌మన్ ముగ్గురూ అభినయంలో భాగస్థులే. శాస్త్రం చేసిన ఈ కలయిక నేటి టెలివిజన్‌కు బాగా సరిపోతుంది. ఈ వ్యాసంలో మాత్రం వాడుకను బట్టి ఆహార్యం అన్న మాటను బట్టలు, నగలు, జుట్టు, ముఖాలంకరణకే పరిమితం చేశాం.

పూర్వరంగం: తెర, జడ, కిరీటం (చూ. కూచిపూడి; సురభి నాటకాలు)

తెలుగువారికి వేషాన్ని చదవడం టెలివిజన్ నేర్పలేదు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ప్రవేశానికి ముందు తెర మీదుగా ఆమె జడ కనిపిస్తుంది. ఆ జడే పాత్ర అభిమానానికి, ఆధిక్యానికి గుర్తు. ముఖం కనిపించకముందే పాత్ర స్వభావం చూసేవారికి తెలిసిపోతుంది.

1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభి సమాజం రంగాలంకరణను నాటకానికి ప్రాణంగా చేసింది. దర్బారు, అడవి, వీధి, అంతఃపురం ఒక్కోదానికి ఒక్కో తెర ఉండేది. తెర మారితే కథాస్థలం మారినట్టు. తాళ్లు, కప్పీలతో పాత్రలు గాలిలో తేలేవి, అగ్ని పుట్టేది, వాన కురిసేది. సురభి కుటుంబాలకు చెందిన కళాకారులు నేడు హైదరాబాద్ శేరిలింగంపల్లిలోని సురభి కాలనీలో ఉన్నారు. తెలుగు రంగాలంకరణ సంప్రదాయం ఒకటి అక్కడ బతికి ఉంది. సురభి బృందమైన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని నడిపిన రేకందార్ నాగేశ్వరరావు (సురభి బాబ్జీ) 2013లో పద్మశ్రీ అందుకున్నారు.

నాటకం తర్వాత సినిమా వచ్చింది. ‘మాయాబజార్’ (1957)కు మాధవపెద్ది గోఖలే, కళాధర్ కళాదర్శకులు. ఆ చిత్రంలోని కృష్ణుడి కిరీటం, ద్వారక భవనాలు, ఘటోత్కచుడి గద తెలుగువారి మనసులో పౌరాణిక లోకానికి కొలతలుగా నిలిచిపోయాయి. తర్వాత టెలివిజన్‌లో వచ్చిన ప్రతి పౌరాణికాన్నీ ప్రేక్షకులు ఆ కొలతలతోనే చూశారు.

టెలివిజన్ రాక: ఉపగ్రహం నుంచి రంగుల దాకా

తెలుగు గ్రామాలకు టెలివిజన్ మొదట చేరింది వినోదం కోసం కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా సాగిన ‘సైట్’ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్‌తో పాటు మరో ఐదు రాష్ట్రాల్లో, సుమారు 2,400 గ్రామాల్లో సామూహిక టెలివిజన్ సెట్లు పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎంపికైన జిల్లాల్లో మెదక్ ఒకటి. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ గురించి చెప్పే ఆ కార్యక్రమాల తయారీకి హైదరాబాద్‌లో ఒక కేంద్రం పనిచేసింది. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది.

నలుపు తెలుపు కాలంలో డిజైనర్ చేతిలో రంగు లేదు. ఎర్ర చీర, ఆకుపచ్చ చీర తెర మీద దాదాపు ఒకే బూడిద రంగులో కనిపించేవి. అందుకే పాత్రల తేడా చూపడానికి రంగు కన్నా నేత, అంచు వెడల్పు, చీర కట్టు మీద ఆధారపడాల్సి వచ్చేది. 1982లో ఆసియా క్రీడల సందర్భంగా రంగుల ప్రసారాలు మొదలయ్యాక ఆహార్యానికి కొత్త భాష వచ్చింది. రామానంద్ సాగర్ ‘రామాయణ్’ (1987–88), బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’ (1988–90) హిందీలో వచ్చినా తెలుగు ఇళ్లలో భాష అడ్డు కాలేదు. పీతాంబరం చూస్తే దేవుడు, నారచీర చూస్తే వనవాసం, నల్లని బట్టలు చూస్తే రాక్షసుడు. మాట అర్థం కాని చోట వేషం కథ చెప్పింది. గుజరాత్‌లోని ఉంబర్‌గావ్‌లో తీసిన ‘రామాయణ్’ సెట్లు నేటి కొలతల్లో చాలా సాదాగా ఉంటాయి. అయినా 2020 మార్చి లాక్‌డౌన్‌లో పునఃప్రసారమైనప్పుడు కొత్త తరం దాన్ని ఆసక్తిగా చూసింది.

శ్యాం బెనెగల్ ‘భారత్ ఏక్ ఖోజ్’ (1988)కు కళాదర్శకత్వం వహించిన నితీశ్ రాయ్ తర్వాత రామోజీ ఫిల్మ్ సిటీ రూపకల్పన చేశారు. టెలివిజన్ చరిత్ర ధారావాహికకు ఊళ్లు, కోటలు కట్టిన చేయి తెలుగు తెరకు ఒక పూర్తి నగరాన్నే కట్టింది. 1995 ఆగస్టు 27న ఈటీవీ మొదలైంది, 1996లో ఫిల్మ్ సిటీ వచ్చింది. జెమిని, మా, జీ తెలుగు చానళ్లు కూడా తోడయ్యాక వారానికి ఒక భాగం అన్న దూరదర్శన్ లెక్క పోయి రోజుకో భాగం అన్న లెక్క వచ్చింది. డిజైన్‌ను అన్నిటికన్నా ఎక్కువగా మార్చింది ఈ దినసరి ప్రసారమే.

పని జరిగే తీరు

సెట్టు ఇంటికి మూడే గోడలు. నాలుగో గోడ స్థానంలో కెమెరాలు ఉంటాయి. చెక్క చట్రానికి ప్లైవుడ్ కొట్టి చేసే ఫ్లాట్లను పక్కపక్కన నిలబెట్టి గోడ చేస్తారు. అవసరమైతే ఒక ఫ్లాట్ తీసేసి కెమెరాను లోపలికి దింపుతారు. పైకప్పు ఉండదు, అక్కడ లైట్లు వేలాడతాయి. థర్మోకోల్, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో స్తంభాలు, శిల్పాలు చేసి రాయి రంగు వేస్తారు. హైడెఫినిషన్ కెమెరాలు వచ్చాక ఫ్లాట్ల అతుకులు, రంగు గరుకుతనం దాచడం కష్టమైంది. సెట్టు కట్టకుండా అద్దెకు తీసుకున్న బంగళాల్లో చిత్రీకరణ జరపడం కూడా మామూలే. అప్పుడు ఆర్ట్ డిపార్ట్‌మెంట్ పని గోడలు కట్టడం కాదు. ఉన్న ఇంటిని ఆ కుటుంబానిదిగా మార్చడం.

దుస్తుల ఎంపికలో కెమెరా పెట్టే షరతులున్నాయి. సన్న గీతలు, చిన్న గళ్లు తెర మీద అలలుగా మెరిసి కంటిని ఇబ్బంది పెడతాయి. పాత కెమెరాల్లో తెల్లచీర వెలుగు పొంగి ముఖం చీకటిగా కనిపించేది, గాఢమైన ఎరుపు అంచులు దాటి పక్కకు పాకేది. గోడ రంగూ చీర రంగూ ఒకటైతే పాత్ర గోడలో కలిసిపోతుంది. అందుకే కళాదర్శకుడు, కాస్ట్యూమర్ ఒకరి రంగులు ఒకరికి ముందే తెలియజేసుకోవాలి. రోజువారీ హడావిడిలో ఇది తప్పినప్పుడు ఆ లోపం తెర మీద వెంటనే తెలిసిపోతుంది.

కంటిన్యూటీ మరో బరువైన పని. కథలో ఒకే సాయంత్రం జరిగే రెండు సన్నివేశాలు నటీనటుల కాల్షీట్లను బట్టి పది రోజుల తేడాతో తీయాల్సి రావచ్చు. చీర, గాజుల సంఖ్య, పూలదండ పొడవు, కుంకుమ ఎంత చెరిగింది అన్నవన్నీ ఫొటోలు తీసి దాచుకుంటారు. గోడ గడియారం, క్యాలెండర్ అంటే సహాయ దర్శకులకు భయం. చాలా సందర్భాల్లో నటీమణులు తమ సొంత చీరలే తెచ్చుకుంటారు. దుకాణాలు, బొటిక్‌లు ఇచ్చిన దుస్తులకు చివర పేరు వేసి కృతజ్ఞత చెబుతారు. అంటే పాత్ర చీర వెనుక కథ అవసరంతో పాటు ప్రకటన అవసరం కూడా ఉంటుంది.

ఇల్లు ఒక పాత్రగా

కె. రాఘవేంద్రరావు పర్యవేక్షణలో ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వం చేసిన ఈటీవీ ధారావాహిక ‘శాంతినివాసం’. పేరే ఇంటి పేరు. తెలుగు ధారావాహికలో ఇల్లు నేపథ్యం కాదు, కథకు కేంద్రం. ఉమ్మడి కుటుంబం, ఆస్తి, వారసత్వం, కోడలి రాక అన్నీ ఆ గోడల మధ్యే జరగాలి.

పెద్ద ఇంటి సెట్టు కొన్నేళ్లలో ఒక స్థిరమైన రూపానికి వచ్చింది. మధ్యలో హాలు, ఎదురుగా మేడమెట్లు, ఒక పక్క పూజగది, మరో పక్క భోజనాల బల్ల, దాని వెనుక వంటిల్లు. ఇందులో ప్రతి చోటుకూ పని ఉంది. మెట్ల మీద నిలబడినవారు ఇంట్లో అధికారం ఉన్నవారు, కింద నిలబడి తలెత్తి చూసేవారు సంజాయిషీ ఇచ్చుకోవాల్సినవారు. మెట్లు దిగుతూ చెప్పే మాటకు హాల్లో కూర్చుని చెప్పే మాటకు లేని బరువు వస్తుంది. వంటిల్లు ఆడవాళ్ల రహస్యాల చోటు. అక్కడి మాట హాల్లోకి వినపడడం, గుమ్మం దగ్గర నీడ ఆగిపోవడం కథను మలుపు తిప్పే సాధనాలు. పూజగదిలో దీపం ఆరితే కీడు, గోడ మీది ఫొటోకు దండ పడితే మరణం. ఇంటి ముందు తులసికోట కనిపిస్తే అది సంప్రదాయం పాటించే కుటుంబం. ఈ గుర్తుల్లో ఒక్కదాన్నీ సంభాషణలో వివరించరు.

ఇంత గట్టి గుర్తులు ఎందుకు అవసరమయ్యాయో గ్రహించాలి. ధారావాహికను చాలామంది పని చేసుకుంటూ, వంటింటి నుంచి తొంగి చూస్తూ, మధ్యలో నాలుగు రోజులు మానేసి మళ్లీ చూస్తారు. తెర వైపు ఒక్కసారి చూడగానే కథ ఎక్కడుందో తెలియాలి. అందుకే సూక్ష్మమైన డిజైన్ కన్నా స్పష్టమైన డిజైన్‌కు విలువ పెరిగింది. దీన్ని అభిరుచి లోపం అని కొట్టేయడం సరికాదు.

హాస్యంలో లెక్క వేరు. గుణ్ణం గంగరాజు నిర్మించిన ‘అమృతం’ (2001–2007, జెమిని)లో హోటల్, పక్కపక్కనే అద్దె ఇళ్లు, పై అధికారిలా వచ్చే ఇంటి యజమాని ఉంటారు. మేడలు లేవు. చోటు ఇరుకు కావడం వల్లే పాత్రలు ఒకరికొకరు అడ్డుపడతాయి, హాస్యం అక్కడే పుడుతుంది. మధ్యతరగతి ఇంటిని అలంకరించకుండా చూపిన తెలుగు ధారావాహికల్లో దానికి ప్రముఖ స్థానం ఉంది.

ఆహార్య సంకేతాలు (చూ. ముఖాలంకరణ)

మంగళసూత్రం, నల్లపూసలు, మట్టెలు, గాజులు, బొట్టు తెలుగు కుటుంబ కథలో వాక్యాల్లాంటివి. తెలంగాణలో పుస్తెలతాడు అనే మంగళసూత్రాన్ని కళ్లకు అద్దుకున్నా, తీసి బల్ల మీద పెట్టినా పేజీల సంభాషణ అక్కర్లేదు. పురుషుల ఆహార్యంలో ఇంత వివరం లేదు. ‘మొగలిరేకులు’ (2008–2013, జెమిని)లో ఆర్కే నాయుడు పోలీసు దుస్తులు మాత్రం పాత్రకు పర్యాయంగా నిలిచాయి. మంజులా నాయుడు దర్శకత్వంలోని ఆ ధారావాహికను, అంతకుముందు వచ్చిన ‘చక్రవాకం’ను చూసినవారికి పాత్రల పేర్లతో పాటు వారి వేషం కూడా గుర్తుంది.

మంచి, చెడు పాత్రల తేడాను వేషంతో చూపడం హిందీ ధారావాహికల నుంచి బలపడింది. ‘కసౌటీ జిందగీ కే’ (2001–2008)లో ఊర్వశి ఢోలకియా నటించిన కొమోలికా పాత్ర పెద్ద బొట్టు, ముక్కుపుడక, నగలతో ఒక నమూనాగా మారింది. తెలుగులోనూ నాయికకు జడ, మల్లెపూలు, గుండ్రటి కుంకుమ బొట్టు. ప్రతినాయికకు విరబోసిన జుట్టు, చేతుల్లేని రవికె, గాఢమైన పెదవి రంగు స్థిరపడ్డాయి. ‘ఇంటింటి గృహలక్ష్మి’లో గృహిణి తులసికీ, భర్త జీవితంలోకి వచ్చిన లాస్యకూ మధ్య వైరుధ్యం మొదట బట్టల్లోనే కనిపిస్తుంది. ఈ పద్ధతి వల్ల జరిగిన నష్టం చిన్నది కాదు. ఉద్యోగానికి వెళ్లే స్త్రీ సహజంగా వేసుకునే దుస్తులు తెర మీద అనుమానానికి గుర్తయ్యాయి.

నిద్రలోనూ పట్టుచీర, నగలు ఉండడం గురించి ప్రేక్షకులు చాలాకాలంగా విమర్శిస్తున్నారు. ఇది మరపు వల్ల జరిగేది కాదు. తెర ఎప్పుడూ నిండుగా, మెరుస్తూ ఉండాలన్న చానళ్ల దృశ్యనియమం దీనికి కారణం. ఆ నియమం పాత్రకు విశ్రాంతి, అనారోగ్యం, పేదరికం చూపించే అవకాశాన్ని తీసేస్తుంది.

ఒక ఉదాహరణ: ‘కార్తీక దీపం’

స్టార్ మాలో 2017లో మొదలై 2023 వరకు సాగిన ‘కార్తీక దీపం’ మలయాళ ‘కరుత్తముత్తు’కు పునర్నిర్మాణం. కథకు మూలం నాయిక ఒంటి రంగు. నల్లగా ఉన్నందుకు దీప అవమానాలు పడుతుంది, భర్తకు దూరమై వంట చేసి బతుకుతుంది. ప్రేక్షకులు ఆమెను ‘వంటలక్క’గానే పిలుచుకున్నారు. ప్రేమి విశ్వనాథ్ ముఖానికి ముదురు రంగు వేసి ఆ పాత్రను పోషించారు. నాట్యశాస్త్రం చెప్పిన అంగరచన ఇక్కడ అలంకారం కాదు, కథావస్తువు.

సాదా చీర, వంటపని, చిన్న ఇల్లు ఒక వైపు, అత్త సౌందర్య ఇంటి హాలు, మెరిసే చీరలు మరో వైపు నిలిచి వర్ణవివక్షను రోజూ కళ్లముందు పెట్టాయి. రంగు కారణంగా స్త్రీని తక్కువ చేయడాన్ని ప్రధాన కథగా చేసిన ఘనత ఈ ధారావాహికకు దక్కాలి. అదే సమయంలో నిజంగా నల్లని నటికి ఆ పాత్ర దక్కకుండా రంగు పూసి చూపడం ఆ కథ ప్రశ్నించిన విలువకే లొంగడం. ఈ రెండూ నిజాలే, ఒకటి మరొకదాన్ని రద్దు చేయదు.

పునర్నిర్మాణం, అనువాదం

‘ఇంటింటి గృహలక్ష్మి’ బెంగాలీ ‘శ్రీమొయీ’ ఆధారంగా వచ్చింది. బెంగాల్‌లో శంఖపు గాజులు, పాపిట సింధూరం పెళ్లైన స్త్రీకి గుర్తు. తెలుగులోకి వచ్చేసరికి ఆ పని మంగళసూత్రం, మట్టెలు చేయాలి. అంటే పునర్నిర్మాణంలో ఆహార్యాన్ని కూడా అనువదించాలి. అనువాద ధారావాహికలో ఇది కుదరదు. ‘బాలికా వధు’ ‘చిన్నారి పెళ్లికూతురు’గా తెలుగు మాట్లాడినా ఘాఘ్రా, మేలిముసుగు రాజస్థాన్‌వే. అనువాదాల వల్ల నటులతో పాటు వడ్రంగులు, పెయింటర్లు, కాస్ట్యూమ్ సహాయకులు కూడా పని కోల్పోయారు. తెలుగు టీవీ కార్మికులు డబ్బింగ్ ధారావాహికలకు వ్యతిరేకంగా ఆందోళనలు చేయడానికి అది ముఖ్య కారణం.

ప్రాంతం, శ్రమ: గుమ్మడిదల వైపు నుంచి

తెలంగాణ వేషభాషలు చాలాకాలం తెర మీద పనివారికి, హాస్యపాత్రలకు పరిమితమయ్యాయి. 2014లో రాష్ట్రం ఏర్పడి బతుకమ్మ, బోనాలు రాష్ట్ర పండుగలయ్యాక ధారావాహికల్లో ఆ పండుగల భాగాలు, బోనం కుండలు, పూల తాంబాళాలు కనిపించసాగాయి. రోజువారీ తెలంగాణ ఇల్లు మాత్రం ఇంకా అరుదే. ఉమ్మడి మెదక్‌లోని సిద్దిపేటలో నేసే గొల్లభామ చీర తల మీద చల్లకుండతో నడిచే స్త్రీ బొమ్మను నేతలోనే చూపుతుంది. ఒక పాత్ర ఊరును మాట అవసరం లేకుండా చెప్పగల చీర అది.

వేషభాషల్లాగే ఇక్కడి శ్రమ కూడా తెర మీద కనిపించదు. దానికి ఉదాహరణ గుమ్మడిదల ప్రాంతం. గుమ్మడిదల 2016 జిల్లాల పునర్విభజన వరకు మెదక్ జిల్లా జిన్నారం మండలంలో ఉండేది, తర్వాత సంగారెడ్డి జిల్లాలో వేరే మండలమైంది. బొంతపల్లి, ఖాజీపల్లి, గడ్డపోతారం, బొల్లారం, పటాన్‌చెరు, పాశమైలారం కలిస్తే రాష్ట్రంలోనే పెద్ద పారిశ్రామిక ప్రాంతాల్లో ఒకటి. మందుల కంపెనీలు, రసాయన పరిశ్రమలు, బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కూలీలు, షిఫ్టు మార్పులో రోడ్ల మీదికి వచ్చే కంపెనీ బస్సులు ఇక్కడి దినచర్య.

తెలుగు ధారావాహిక నాయకుడు చాలాసార్లు ‘గ్రూప్ ఆఫ్ కంపెనీస్’ యజమాని. అయినా కంపెనీ తెర మీదికి రాదు. అద్దాల క్యాబిన్, బల్ల మీద ఎండీ పేరు పలక, గోడ మీద లోగో, తిరిగే కుర్చీ: ఇంతే పరిశ్రమ. ఫ్యాక్టరీలో చిత్రీకరణకు అనుమతి, భద్రత, శబ్దం, ఖర్చు అడ్డు కాబట్టి క్యాబిన్ దానికి బదులు నిలుస్తుంది. కారణం బడ్జెట్టే కావచ్చు, దాని అర్థం మాత్రం బడ్జెట్‌తో ఆగదు. ఆస్తి కనిపించి, ఆ ఆస్తిని పుట్టించే పని కనిపించకుండా పోతుంది. తలకు నెట్టు, భద్రతా బూట్లు, రసాయనాల మరకలు పడిన చొక్కా, రాత్రి షిఫ్టు ముగించి ఒకే గదిలో వంతులవారీగా పడుకునే కార్మికుల చాపలు కథలోకి వస్తే మేడమెట్ల కన్నా తక్కువ నాటకీయత ఉండదు. గుమ్మడిదల వైపు అద్దె గదులను సెట్టుగా కట్టడానికి నాలుగు ఫ్లాట్లు చాలు.

ఓటీటీ, యూట్యూబ్

రోజుకో భాగం తీయాల్సిన ఒత్తిడి లేని చోట డిజైన్ మారుతోంది. ఆదిత్య హాసన్ దర్శకత్వంలో 2024 జనవరిలో ఓటీటీ వేదిక ఈటీవీ విన్‌లో వచ్చిన ‘నైంటీస్: ఎ మిడిల్ క్లాస్ బయోపిక్’ లెక్కల మాస్టారి ఇంట్లోని సామాను, పిల్లల బట్టలతో ఒక దశాబ్దాన్ని తిరిగి నిలబెట్టింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో పుట్టిన యూట్యూబ్ చానల్ ‘మై విలేజ్ షో’ అసలు సెట్టే లేకుండా, ఊరి ఇళ్లు, అందులో నటించిన గంగవ్వ కట్టిన చీర, అరుగు, కోళ్లతోనే పల్లెను చూపింది. ఈ రెండింటి ఆదరణ సహజమైన ఇంటికి ప్రేక్షకులున్నారని నిరూపిస్తుంది.

భద్రపరచడం

ధారావాహిక ముగిశాక సెట్టు విప్పుతారు. ఫ్లాట్లకు కొత్త రంగు వేసి మరో కుటుంబానికి ఇల్లు కడతారు, అద్దె దుస్తులు దుకాణానికి తిరిగి వెళ్తాయి. కళాదర్శకుల గీతలు, కంటిన్యూటీ ఫొటోలు ఎక్కువగా వ్యక్తుల దగ్గరే ఉండిపోతున్నాయి. వాటిని విశ్వవిద్యాలయాల రంగస్థల, జర్నలిజం శాఖలు సేకరించి దాచాలి. ఒక తరం తెలుగు ఇంటిని ఎలా ఊహించుకుందో తెలుసుకోవడానికి మిగిలే ఆధారాల్లో అవి ముఖ్యమైనవి.